గజ్జల్లో దురదా? డ్రాయర్ మార్చే ముందు ఇవి చూసుకోండి

బందరు, గుడివాడ, దివిసీమ వైపు మగవాళ్లు డాక్టర్ ఎదురుగా కూర్చుని కూడా చివరిదాకా నోరు విప్పని సంగతి ఒకటుంది. గజ్జల్లో దురద. జ్వరం చెబుతారు, షుగర్ చెబుతారు, మోకాళ్ల నొప్పి చెబుతారు. ఇది మాత్రం లేచి తలుపు దాకా వెళ్లాక అప్పుడే గుర్తొచ్చినట్టు చెబుతారు. అప్పటికే మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొని రెండు నెలలుగా రాస్తూ ఉంటారు. ట్యూబు అయిపోతే ఇంకోటి. దాంతోపాటు డ్రాయర్ బ్రాండు మారుస్తారు. చౌకది తీసేసి ఖరీదైనది కొంటారు. దురద మాత్రం ఎక్కడికీ పోదు.

ఎందుకంటే దురద పెట్టేది చాలాసార్లు బ్రాండు కాదు. నడుం దగ్గర లాస్టిక్, తొడ దగ్గర కుట్టు, ఆరని తడి, బట్టలో మిగిలిపోయిన సబ్బు. ఈ నాలుగింటి సంగతి తెలిస్తే కోనేరు సెంటర్‌లో ఏ కొట్టుకెళ్లినా తగింది మీరే ఎంచుకోగలరు.

ముందు ఒక మాట. ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మానికి పైపొర గట్టిగా ఉండదు. లోపలి తేమ త్వరగా పోతుంది, బయటి రసాయనాలు సులువుగా లోపలికి దిగుతాయి. చిన్నప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక పొక్కి రసి కారినవాళ్లు, ఇంట్లో ఆయాసం, తుమ్ముల ఎలర్జీ ఉన్నవాళ్లు పెద్దయ్యాక కూడా ఇలాంటి చర్మంతోనే ఉంటారు. పక్కవాడికి ఏమీ కాని డ్రాయర్ వీళ్లకు మంట పెట్టడానికి కారణం ఇదే. దానికి తోడు మనది సముద్రం పక్క నేల. మే నెల ఎండ కన్నా దాని తర్వాత వచ్చే ఉక్కపోతే ఎక్కువ బాధ పెడుతుంది. చెమట పడుతుంది, ఆరదు. ఒంట్లో గాలి తగలని చోటు గజ్జలే కాబట్టి మొదటి దెబ్బ అక్కడే.

దాద్ వేరు, ఛాజన్ వేరు

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పెద్దవాళ్లు రెండు మాటలు వేరువేరుగా వాడతారు. దాద్ అంటే గుండ్రంగా పాకే ఫంగస్. ఛాజన్ అంటే ఎగ్జిమా. తెలుగులో మనవాళ్లు రెండింటినీ తామర అనే అనేస్తారు. మాట ఒకటే కావడంతో మందు కూడా ఒకటే అనుకుంటారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఒకదానికి పనిచేసే మందు రెండోదాన్ని పెంచుతుంది.

ఫంగస్ తామరకు అంచు ఉంటుంది. వలయంలా, అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో కాస్త తగ్గినట్టు కనిపిస్తూ తొడ మీదికి, పిర్రల మీదికి పాకుతుంది. మామూలుగా బీజాల సంచి చర్మం జోలికి రాదు. ఎగ్జిమాకు అలా గీత గీసినట్టు అంచు ఉండదు. సంచి చర్మం మీద కూడా వస్తుంది. గోకి గోకి చర్మం దళసరిగా, గీతలు గీతలుగా మారుతుంది. లాస్టిక్ ఎక్కడ ఆనుతుందో అక్కడే పట్టీలా ఎర్రబడితే అది డ్రాయర్ వల్ల వచ్చిన ఎలర్జీయో, రాపిడో అయ్యుండొచ్చు. ఇక రాత్రిపూట దురద భరించలేనంతగా పెరిగి, వేళ్ల సందుల్లో కూడా ఉండి, ఇంట్లో ఇంకొకరికీ ఉంటే అది గజ్జి. దానికి ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు వాడాలి. డ్రాయర్‌తో దానికి సంబంధం లేదు.

కంటితో తేల్చుకోలేకపోతే చర్మం డాక్టర్ కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. చిన్న పరీక్ష. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది కాబట్టి ఇప్పుడు ప్రతిదానికీ విజయవాడ బస్సు ఎక్కాల్సిన పని లేదు.

ట్యూబుల గురించి కఠినంగానే చెప్పాలి. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే చాలా కాంబినేషన్ క్రీముల్లో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండో రోజుకే దురద తగ్గుతుంది. ఫంగస్ అయితే లోపల హాయిగా పెరుగుతుంది, మానగానే రెట్టింపై తిరిగొస్తుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు స్టెరాయిడ్ ఒంట్లో ఏ చోట ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేతి మీద ఇంకేది 1 అనుకుంటే, బీజాల సంచి చర్మంలో 42. చేతికి రాసుకునే ట్యూబు అక్కడ రాస్తే ఏమవుతుందో ఈ ఒక్క లెక్క చాలు. చర్మం పల్చబడి, చారలు పడి, గాలి తగిలినా మండే స్థితికి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. ఆచరణలో ఎంత జరుగుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పైగా మన దేశంలో ఇప్పుడు తిరుగుతున్న ఫంగస్ కూడా మొండిది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. వాడుకలో ఉన్న టెర్బినఫిన్ మాత్రలకు కూడా అది చాలామందిలో లొంగడం లేదు. కాబట్టి ముందు ఏ జబ్బో తేల్చుకోండి. డ్రాయర్ సంగతి ఆ తర్వాత.

ఇందులో సిగ్గేముంది

హదీసు గ్రంథాల్లో వస్త్రధారణ అధ్యాయం చదివినవాళ్లకు ఈ ఉదంతం తెలిసే ఉంటుంది. మగవాళ్లకు పట్టు నిషిద్ధం. అయినా హజ్రత్ జుబైర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఇద్దరికీ ఒంటి దురద ఉందని తెలిసి ప్రవక్త ముహమ్మద్ (స) పట్టు తొడుక్కోవడానికి అనుమతి ఇచ్చారు. బుఖారీలోనూ ముస్లింలోనూ హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనగా ఇది ఉంది. ఆ ఇద్దరూ అంతటి సహాబాలు. వాళ్ల దురద గురించి నలుగురికీ తెలిసింది, ఉపాయం దొరికింది, పధ్నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా చదువుకుంటున్నాం. మనమేమో సొంత భార్యకు కూడా చెప్పుకోం.

దీన్ని పట్టుకుని ఇప్పుడు ఎవరూ పట్టు డ్రాయర్లు వెతుక్కోనక్కర్లేదు. ఎగ్జిమాకు పట్టు బట్టలు అదనంగా ఉపయోగపడతాయా అని ఇంగ్లండ్‌లో 300 మంది పిల్లల మీద పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. మామూలు వైద్యం తీసుకుంటున్న పిల్లలకు పట్టు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ కాలంలో అందుబాటులో ఉన్న ముతక ఉన్ని, ముతక నూలుతో పోలిస్తే పట్టు హాయి. ఇవాళ సన్నటి అల్లిక నూలు ఆ పని చేసేస్తుంది.

కొనేటప్పుడు చేత్తో చూడాల్సినవి

నూలు మంచిదని అందరూ చెబుతారు. నిజమే, కానీ సగం నిజం. నూలు చెమట పీల్చుకుంటుంది, గరుకుగా ఉండదు. అయితే పీల్చుకున్న చెమటను త్వరగా వదలదు. పొడి గాలి ఉండే ఊళ్లో పర్వాలేదు. నాగాయలంకలో, కోడూరులో ఆగస్టు నెలలో మందపాటి నూలు డ్రాయర్ పొద్దున తడిస్తే మధ్యాహ్నానికీ ఆరదు. తడి బట్ట చర్మాన్ని నానబెడుతుంది, నానిన చర్మం రాపిడికి చప్పున లేచిపోతుంది. అందుకని మందం కాదు, సన్నటి నూలు అల్లిక చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కాస్త మసగ్గా వెలుగు కనిపించాలి. నూటికి 5 పాళ్ల లోపు సాగే నూలు కలిసి ఉంటే మంచిదే, ఆకారం నిలుస్తుంది. మోడల్ అనే రకం ఇంకా మెత్తగా ఉంటుంది. బాంబూ అని రాసి ఎక్కువ ధర పెట్టేది చాలా వరకు వెదురు గుజ్జుతో తీసిన విస్కోసే. మెత్తనే, కానీ అద్భుతమేమీ లేదు. పూర్తి పాలిస్టర్ త్వరగా ఆరుతుంది గానీ చెమట వాసన పట్టేస్తుంది, ఎగ్జిమా చర్మానికి ఒరుసుకుంటుంది. దాన్ని వదిలేయడమే మేలు.

రంగు కూడా చూసుకోవాలి. సింథటిక్ బట్టకు వేసే ముదురు నీలం రంగుల్లో కొన్ని ఎలర్జీకి పేరుమోసినవి. తెలుపు, లేత బూడిద, లేత రంగు నూలు తీసుకుంటే ఆ బెడద తగ్గుతుంది. లేత రంగుకు ఇంకో లాభం ఉంది. రసి కారినా, రక్తపు చుక్క పడినా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, లాస్టిక్. నడుం పట్టీలో రబ్బరు నేరుగా ఒంటికి తగులుతోందా, లేక నూలు బట్ట లోపల దాగి ఉందా అని తిరగేసి చూడండి. దాగి ఉన్నదే కావాలి. పైకి పెద్ద అక్షరాలతో పేరు కనిపించే పట్టీలు చాలా వరకు ఒంటికి నేరుగా తగులుతాయి. జీన్స్ పైకి కనిపించడానికి బాగుంటాయేమో, ఎగ్జిమా నడుముకు బాగుండవు. రబ్బరు తయారీలో కలిపే రసాయనాలే చాలామందికి పడనివి. దీనికి బ్లీచింగ్ తోడైతే ఇంకా చెడ్డది. 1975లో అమెరికా వైద్యులు ఒక విషయం బయటపెట్టారు. డ్రాయర్‌ను క్లోరిన్ బ్లీచ్‌తో ఉతికినప్పుడు లాస్టిక్‌లో ఉన్న ఒక రసాయనం రూపం మార్చుకుని, అంతకుముందు లేని ఎలర్జీ పుట్టిస్తోందని. కొత్తగా ఉన్నప్పుడు ఏమీ చేయని డ్రాయర్ పది ఉతుకుల తర్వాత దురద పెట్టడం వెనక ఇలాంటిది ఉండొచ్చు.

వీపు వైపు కుట్టిన లేబుల్ వద్దు, బట్ట మీదే అచ్చు వేసింది తీసుకోండి. లోపల కుట్లు లావుగా తాడులా చేతికి తగలకూడదు. బొడ్డు కింద మాత్రమే గుండ్రంగా మచ్చ వస్తుంటే డ్రాయర్‌ను తిట్టకండి, ప్యాంటు గుండీ, బెల్టు బకిల్ చూడండి. అందులో నికెల్ ఉంటుంది. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పని తెలిసినవాళ్లకు ఈ లోహం కొత్తేమీ కాదు. గిల్టు గొలుసుతో మెడ మీద పొక్కేవాళ్లకు బకిల్ కూడా అదే చేస్తుంది. చొక్కా లోపలికి దోపుకున్నా, గుండీ వెనక బట్ట ముక్క కుట్టించుకున్నా సరిపోతుంది.

ఆధారం కావాలి, బిగుతు వద్దు

బ్రీఫ్ అనే వి ఆకారపు డ్రాయర్‌లో తొడ లాస్టిక్ సరిగ్గా గజ్జ మడతలోకి దిగుతుంది. ఎగ్జిమా వచ్చేదీ అక్కడే. వదులు బాక్సర్‌కు గాలి ఆడుతుంది గానీ ఆధారం ఉండదు, నడిచేటప్పుడు పైకి చుట్టుకుపోయి తొడలు ఒరుసుకుంటాయి. మధ్యస్థం ట్రంక్ రకం. తొడ మీద జానెడు లోపు దిగి, ముందు భాగంలో సంచిలా రెండు పొరలు ఉండాలి. ఆ సంచి బరువును కింద నుంచి ఎత్తిపట్టాలే గానీ ఒంటికి అదమకూడదు. తొడకు తొడకు మధ్య బట్ట ఉంటుంది కాబట్టి రాపిడి పోతుంది. బందరు నుంచి విజయవాడకు బైకు మీద డెబ్బై కిలోమీటర్లు రెక్సిన్ సీటు మీద కూర్చునేవాళ్లకు ఈ తేడా ఒక్క రోజులో తెలుస్తుంది.

సైజు నోటితో చెప్పకండి, టేపుతో కొలిపించండి. ఐదేళ్ల క్రితం 85 అయితే ఇప్పుడు కూడా 85 అనే అలవాటు మనందరికీ ఉంది. పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. సాయంత్రం తీశాక ఎర్రటి గీత అరగంట దాటినా పోకపోతే అది బిగుతే. మరీ వదులైనా ముడతలు పడి ఒరుసుకుంటుంది. డజను ఒకేసారి కొనొద్దు. ఒకటి కొని, ఉతికి, వారం వాడి, అప్పుడు మిగతావి.

పాతకాలం వాళ్లు పొలం పనికి గోచీ, కుస్తీకి లంగోటా కట్టేవారు. అదీ ఆధారం కోసమే. అందులో లాస్టిక్ లేదు, ముడి ఎంత బిగించాలో మనిషి చేతిలో ఉండేది. ఇప్పటికీ లాస్టిక్ అస్సలు పడనివాళ్లు నాడా వేసిన నూలు డ్రాయర్ దర్జీ చేత కుట్టించుకోవచ్చు. పైజామా కుట్టే ఏ దర్జీకైనా చేతనవుతుంది, కుట్లు బయటి వైపుకి వచ్చేలా కుట్టమని చెప్పడం మరవకండి.

వరిబీజం ఉన్నవాళ్లకు ఆధారం సుఖం కోసం కాదు, అవసరం. బరువుకు లాగి, మడతలో చెమట నిలిచి ఎగ్జిమా, ఫంగస్ రెండూ పట్టుకుంటాయి. మెత్తటి సంచి ఉన్న ట్రంకు కానీ, డాక్టర్ రాసే సస్పెన్సరీ కానీ వాడుతూనే సర్జన్‌కు చూపించుకోండి. అది ఆపరేషన్‌తో పోయే జబ్బు, దాచుకుని మోయాల్సింది కాదు. ఏ వయసు వాళ్లకైనా ఒక బీజం వైపు హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. గంటల్లో చూపించాలి.

నీటిలో పని, ఉప్పు నీటి ఉతుకు

సర్వా నాట్ల సమయంలో మోకాళ్ల లోతు నీళ్లలో ఉండేవాళ్లు, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లు, గిలకలదిండి నుంచి వేటకు వెళ్లేవాళ్లకు పైన చెప్పిన డ్రాయర్ ఏదైనా తడుస్తుంది. వాళ్లకు మంచి డ్రాయర్ అంటే రెండో డ్రాయర్. ప్లాస్టిక్ కవరులో పొడిది ఒకటి వెంట ఉంచుకుని, మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు మంచినీళ్లతో కడుక్కుని, అద్ది ఆరబెట్టుకుని మార్చుకోండి. ఉప్పునీళ్లు ఆరిపోయిన బట్ట గరుకు కాగితంతో సమానం. చెరువులో బ్లీచింగ్, సున్నం చల్లిన రోజు వేసుకున్న బట్టలు ఇంటి బట్టల్లో కలపకుండా వేరుగా ఉతకాలి. ఇందాక చెప్పిన లాస్టిక్ సంగతి గుర్తుంది కదా.

కొత్త డ్రాయర్ విప్పీ విప్పగానే వేసుకోవద్దు. పెడనలో కలంకారీ చేసేవాళ్లు రంగు అద్దే ముందు బట్టలో గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఆరేస్తారు. గంజి ఉంటే రంగు పట్టదు. మన చర్మానికీ ఆ గంజి, మెరుపు కోసం వేసిన పూతలు పడవు. రెండు మూడు ఉతుకులు అయ్యాకే ఒంటి మీద వేసుకోండి.

దివిసీమలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, చప్పగా ఉంటాయి. సబ్బు నురగ రాదు. రాలేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం. ఆ సబ్బు నీళ్లలో కరగక తెల్లటి పొడిలా బట్టలోనే ఉండిపోతుంది, చెమట తగలగానే మంట. దీనికి ఇంట్లో నీళ్ల మెత్తదనపు మెషిన్ పెట్టించమని ఎవరైనా చెబితే తొందరపడకండి. ఇంగ్లండ్‌లోనే 336 మంది ఎగ్జిమా పిల్లల ఇళ్లలో అలాంటి మెషిన్లు పెట్టి చూశారు, 2011లో వచ్చిన ఫలితం ప్రకారం అదనపు లాభం లేదు. డబ్బు ఖర్చు కన్నా ఒక బకెట్ నీళ్లు ఎక్కువ ఖర్చు పెట్టండి. లోపలి బట్టలకు సబ్బు తక్కువ వేసి, మూడుసార్లు జాడించి, చివరి జాడింపు వీలైతే కుళాయి నీళ్లతోనో వాన నీళ్లతోనో చేయండి. వాసన ద్రవాలు, డెటాల్ చుక్కలు అక్కర్లేదు. ఎండలో ఆరేయండి. ముసురు పట్టిన రోజుల్లో ఇంట్లో ఆరేసిన డ్రాయర్ చల్లగా తగిలితే అది తడి అని అర్థం, ఇస్త్రీ పెట్టి వేసుకోండి. ఫంగస్ ఉందని తేలితే వేడినీళ్లలో నానబెట్టి ఉతకడం, తువ్వాలు, లుంగీ ఎవరిది వాళ్లే వాడుకోవడం తప్పనిసరి.

తహారత్, అత్తరు, నలభై రోజులు

మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో శుభ్రం చేసుకునే అలవాటు మంచిదే. ఎగ్జిమా ఉన్నవాళ్లకు చిక్కు ఆ తర్వాత వస్తుంది. తడి తుడుచుకోకుండానే డ్రాయర్ పైకి లాగేస్తాం. రోజుకు ఐదారుసార్లు అలా తడిస్తే ఎంత మంచి నూలైనా ఏం చేస్తుంది? చిన్న మెత్తటి నూలు గుడ్డో, టిష్యూనో జేబులో ఉంచుకుని అద్దండి, రుద్దొద్దు. సబ్బు రోజుకు ఒకసారి స్నానంలో చాలు, అదీ వాసన లేనిది. మసీదులో వుజూ దగ్గర ఉండే సబ్బు అక్కడ వాడకండి.

జుమా రోజు అత్తరు కుర్తా మీద రాసుకోండి, బనియన్, డ్రాయర్ మీద వద్దు. సువాసనలు ఎగ్జిమా చర్మానికి తరచూ పడవు. చల్లగా ఉండే మెంథాల్ పౌడర్లు కూడా అంతే. మొదట హాయిగా ఉండి, చెమటతో ముద్దయి మడతలో పేరుకుంటాయి.

నాభి కింది వెంట్రుకలు నలభై రోజులు దాటకుండా తీసేయడం మనకు సున్నత్. బ్లేడు పడక పొక్కేవాళ్లు, వెంట్రుకలు పోగొట్టే క్రీములతో ఒళ్లు కాలినట్టు మండేవాళ్లు చాలామంది. చర్మం ఎర్రగా లేచి ఉన్న వారంలో ఆ పని పెట్టుకోకండి, నలభై రోజుల గడువు ఉంది. ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకుంటే చర్మానికి తేలిక. సరిపోతుందా లేదా అనేది మీ ఆలిమ్‌ను అడగండి. కారణం చెప్పి అడిగితే మంచిది. తీసిన రోజు రాపిడి తగిలే చోట సువాసన లేని వాసెలిన్ పల్చగా రాయండి. ముద్దగా రాస్తే ఈ ఉక్కలో చెమట లోపలే ఉండిపోతుంది.

రాత్రి ఇంటికొచ్చాక డ్రాయర్ విప్పేసి, మెత్తబడిన నూలు లుంగీ కట్టుకుని పడుకోండి. పగలంతా మూసిన చర్మానికి ఆ ఏడెనిమిది గంటల గాలే మందు. లాస్టిక్ సాగిపోయి రబ్బరు దారాలు బయటికి వచ్చిన డ్రాయర్లు బైకు తుడుచుకోవడానికి పనికొస్తాయి, ఒంటికి కాదు. ఇవన్నీ చేసి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, చర్మం చీరి రసి కారుతుంటే, జ్వరం వస్తే, షుగర్ ఉండి పుండు పడితే చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ రాసిన ట్యూబులన్నీ, ఖాళీవి సహా, సంచిలో వేసుకెళ్లండి. దురద పెట్టిన డ్రాయర్ కూడా ఉతికి ఒకటి పట్టుకెళ్లండి. మచ్చ ఉన్న చోటికీ లాస్టిక్, కుట్టు తగిలే చోటికీ పొంతన చూస్తే డాక్టర్‌కు సగం పని అక్కడే తేలుతుంది.